సబ్బులో సీసం

నాలుగు డబ్బాలు తెచ్చి టమాటా పెట్టెల మీద పెట్టాడు
మా కఫీలు కొడుకు మిషారీ.
"ఓబులేస్, వీటిలో ఏది మంచిదో శుక్రవారానికి చెప్పు.
గువ్వలు గొర్రెల బార్లీ అంతా తినేస్తున్నాయి."
మంచిదనడానికి అతనికి ఒకటే మాట:
టమాటాకి అదే, గాలి తుపాకికి అదే,
నేను చెప్పిన పని చేస్తే నాకూ అదే.

వఫ్రాలో గాలి పొద్దున ఒక గంటే మాట వింటుంది.
ఆ గంటలో, పైపుల నీళ్ళు వదలకముందు
షెడ్డు కిటికీ అద్దం నేలమీద పరిచి
గుండ్లు దొర్లించాను.
పెసరగింజ కన్నా కాస్త పెద్దవి.
సన్నటి నడుం, కింద పావడా.
పావడా నొక్కుకుపోయినవి
తాగినోడు ఇంటిదారి పట్టినట్టు పక్కకు తిరుగుతాయి.
వాటిని ఏరి సిగరెట్ పెట్టెలో దాచుకున్నాడు రఫీకుల్,
గాలానికి బరువు కడతాడంట,
సముద్రం గంట దూరంలో ఉన్నా.

ఒక్కోటి నాలుగు గురిగింజలెత్తు.
ఆ తూకం మా అమ్మ ముక్కుపుడక కుదువబెట్టినప్పుడు
కంసాలి అరుగు మీద నేర్చుకున్నాను.

మా నాయనకు తూకాల్లేవు.
ఉండవిల్లు ఉండేది, వెదురుది,
రెండు నారుల నడుమ గుడ్డపీలిక.
పుట్టమన్ను తడిపి, అరచేతుల్లో తిప్పి
మంచం మీద ఎండబెట్టేవాడు.
తడి ఆరని ఉండ గాల్లోనే పిగిలిపోయేది.
ఎండిన ఉండను చెవి దగ్గర గోటితో మీటి
"ఇది పోతాది" అనేవాడు,
"ఇది పోదు" అని ఇంకోదాన్ని మళ్ళీ నీళ్ళలో వేసేవాడు.

ముప్పై అంగల దూరంలో సబ్బుబిళ్ళలు నిలబెట్టాను.
నెలకు మనిషికి రెండిస్తారు.
ఈ నెలవి నావి రెండు, రఫీకుల్‌వి రెండు.

బల్లతలది దగ్గర్లో కత్తిరించినట్టు గుండ్రంగా కోస్తుంది,
ఇరవై అంగలు దాటితే దానికి ఊరు తెలీదు.
గుంటతలది సబ్బులోకి పోయి విచ్చుకుని
అక్కడే కూచుంది, బయటికి రాలేదు.
కాస్త గాలి లేస్తే మాత్రం పక్కింటికి పోతుంది.
సూదిమొనకు చూపులకే రోషం.
దూరిన చోటు, వెళ్ళిపోయిన చోటు ఒకే సన్నం,
అవతల గోనెసంచిలో కూడా దొరకలేదు.
బోడితలది ఐదు కొట్టాను,
ఐదు బొక్కలూ ఒక్క దీనారు బిళ్ళంత చోట.
దీనారుకు బిళ్ళ లేదులే, వంద ఫిల్సు బిళ్ళనుకోండి.

"బోడితలది" అన్నాను శుక్రవారం.
సూదిమొన డబ్బా చేతిలోకి తీసుకుని
ఎండలో ఒకదాన్ని తిప్పి చూసుకున్నాడు మిషారీ.
"గుండంటే ఇదీ."

సాయంత్రం తీగమీద ఏడు గువ్వలు.
ఒకటి ఉలిక్కిపడింది, ఈక రాలింది,
మిగతా ఆరింటితో పాటు అదీ లేచి
కంచె దాటి ఇసకవైపు పోయింది.
"తగిలింది కదా?"
"తగిలింది."
తగలడం వేరు, పడటం వేరు.
ఆ తేడా చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

కొట్టిన పిట్ట కళ్ళముందు పడాలనేవాడు నాయన,
పడకుండా పోతే అప్పు అనేవాడు.
చీకటిదాకా వెతికి, అన్నం మానేసి
పొద్దున మళ్ళీ వెతికేవాడు.
నీళ్ళు కట్టేసి నేనూ పోయాను ఫోను వెలుగులో.
ముళ్ళపొద కింద మూడు ఈకలు,
ఆకు మీద గురిగింజంత నెత్తురు.
తర్వాత అంతా ఇసకే.

ఇప్పుడు ఆ సబ్బుతోనే స్నానం.
గుంటతలది ఉన్న బిళ్ళ నా వంతుకొచ్చింది.
రోజూ కొంచెం కరుగుతుంది,
నిన్న డొక్క మీద రుద్దుకుంటుంటే
సీసం అంచు చల్లగా తగిలింది.
తీసి చూశాను, విచ్చుకుని, పిచ్చిపువ్వులా.
పారేయబుద్ధి కాక మళ్ళీ దాని గుంటలోనే నొక్కిపెట్టాను.
ఇంకో నాలుగు స్నానాలకు సబ్బుంది.